మేస్త్రి వద్దన్న పనులు

మా అంబాసిడర్ ఇంజన్ మొత్తం విప్పి, బోరింగ్ చేయించి, అంటే అరిగిన సిలిండర్లని కాస్త పెద్దగా తొలిపించి, మళ్ళీ బిగించి రోడ్డెక్కించాం. చూసినవాళ్ళందరూ ముందు అడిగేది మెకానిక్ ఎవరని. మెకానిక్ పనిమంతుడే, అందులో మాట లేదు. కానీ ఇంజన్ ఇంకో పదేళ్ళు తిరుగుతుందా, ఆర్నెల్లకే మళ్ళీ పొగ కక్కుతుందా అన్నది తేలేది విప్పేచోట కాదు, బిగించేచోటా కాదు, ఆ రెంటికీ మధ్య బ్లాకూ (సిలిండర్లుండే ఇనుప దిమ్మ) క్రాంకూ (పిస్టన్లు తిప్పే ఇరుసు) హెడ్డూ (సిలిండర్ల పైమూత) వెళ్ళొచ్చే లేత్ షాపులో. అక్కడ మాకు దొరికిన మేస్త్రి గారి గురించే ఇదంతా. పేరు రాయొద్దన్నారు, ఉన్న పనికే తీరిక లేదట, కాబట్టి మేస్త్రి గారనే అంటాను. ఆయన చేసినవాటికంటే చెయ్యనన్నవే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

ముందు బండి సంగతి. 1984 మోడల్, మార్క్ 4, తాతయ్య కొన్నది, తర్వాత నాన్న నడిపాడు, ఇప్పుడు నా నెత్తిన పడింది. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. దీని పుట్టుక ఇంగ్లండ్‌లో, బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) కంపెనీ బి-సిరీస్ ఇంజన్ ఇది. 1955లో వచ్చిన ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో కూడా మొదట పెట్టింది ఈ 1489 సీసీ ఇంజన్నే అంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు, ఎందుకంటే మా బండి స్పోర్ట్స్ లక్షణాలేవీ ఎప్పుడూ చూపించలేదు. కారేమో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3, దాన్నే హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు బెంగాల్‌లోని ఉత్తరపాడాలో అంబాసిడర్ పేరుతో 2014 మే దాకా తయారుచేస్తూ వచ్చారు. బోరు, అంటే సిలిండర్ కన్నం వెడల్పు, 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ ఆడే దూరం, 88.9. ఈ పిచ్చి అంకెలేంటా అనిపిస్తుంది గానీ అంగుళాల్లోకి మారిస్తే 2.875, 3.5, చక్కగా ఉంటాయి. మనం అంగుళాల్ని వదిలేసి ఎన్నేళ్ళయినా ఈ ఇంజన్ వదల్లేదు. మిల్లీమీటర్ల స్పానర్లు కూడా సరిగ్గా పట్టవు, పట్టినట్టే ఉండి బోల్టు మూలలు తినేస్తాయి.

జబ్బు మామూలుదే. పొద్దున స్టార్ట్ చేస్తే నీలం పొగ, ఫ్లైఓవర్ దిగుతూ యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కితే వెనక వచ్చేవాడు హారన్ కొట్టేంత పొగ, ఆయిల్ మూత తీస్తే లోపల్నుంచి బుసబుసమని ఆవిరి. కంప్రెషన్ గేజి పెట్టి చూస్తే మూడు సిలిండర్లు పర్లేదు గానీ మూడో నంబరు బాగా తక్కువ చూపించింది. ప్లగ్గు కన్నంలోంచి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొడితే ముల్లు ఒక్కసారి పైకి లేచింది. ఆయిల్ పోస్తే కంప్రెషన్ పెరిగిందంటే లీకు పిస్టన్ చుట్టూ ఉండే రింగుల దగ్గర, పెరగకపోతే వాల్వుల దగ్గర అని లెక్క, ఎందుకంటే ఆ ఆయిల్ కాసేపు రింగుల చుట్టూ సందు మూస్తుంది, వాల్వుల దాకా పోదు. మెకానిక్ ఒక్క ముక్కలో తేల్చేశాడు, ఇంజన్ బోరుకొచ్చిందని.

ఆ మాట బయటికి రాగానే సలహాలు మొదలు. సెకండ్ హ్యాండ్ డీజిల్ ఇంజన్ దించెయ్ అని ఒకరు, స్క్రాప్‌కి ఇచ్చెయ్ అని ఒకరు. ఇంజన్ మార్చడం పైకి కనిపించినంత తేలిక కాదు. బ్లాకు మీద కొట్టిన నంబరే ఆర్‌సీలో ఉంటుంది, పదిహేనేళ్ళు దాటిన ప్రైవేటు బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, అప్పుడు ఆ నంబరు చూస్తారు. బ్లాకు ఉంచుకుంటే కాగితాల గొడవే లేదు. కాబట్టి రీబోరింగ్.

చైన్ పుల్లీతో ఇంజన్ దించి, విప్పి, బ్లాకూ క్రాంకూ హెడ్డూ ట్రాలీ ఆటోలో వేసుకుని విజయవాడ జవహర్ ఆటోనగర్‌కి పోయాం. ఆటోనగర్ తెలియనివాళ్ళకి ఒక మాట. బందరు రోడ్డు మీద ఆటోనగర్ గేటు దాటి లోపలికెళ్తే ఒక వీధిలో లారీ బాడీలు కడుతుంటారు, ఇంకో వీధిలో కమాన్ కట్టలు, ఇంకోచోట రేడియేటర్లు, డీజిల్ పంపులు. ఎవడి పని వాడిదే, పక్కవాడి పని ముట్టుకోడు. లేత్ షాపులు కూడా అంతే, బోరింగ్ ఒకరు, క్రాంక్ గ్రైండింగ్ ఒకరు, హెడ్ ఫేసింగ్ (హెడ్డు ముఖం చదును చెయ్యడం) ఒకరు. మా మేస్త్రి గారి షాపులో మాత్రం మూడూ ఉన్నాయి, అన్నీ పాత మిషన్లే. పెయింటు పోయి ఇనుము కనపడుతోంది గానీ స్లైడ్ల మీద మరక లేదు. గోడ మీద దేవుడి పటం పక్కన చెక్క పెట్టె, అందులో సన్నటి కొలతలు తీసే మైక్రోమీటర్లు, మీదెక్కడా దుమ్ము లేదు. మా మెకానిక్ నా చెవిలో "ఆ పెట్టె చూశావా, అందుకే ఇక్కడికి తెచ్చాను" అన్నాడు.

మేస్త్రి గారు మొదట వద్దన్నది అంచనా చెప్పడం. ఎంతవుతుందండీ అంటే "కొలవకుండా ఏం చెప్పను బాబూ, బ్లాకు కడిగి రేపు రా" అన్నారు. నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజమే. ఇలా చెప్పేవాళ్ళు చివర్లో బాదేస్తారని ఒక అనుమానం ఉంటుంది కదా.

మర్నాడు బోర్ గేజి తీసి ఒక్కో సిలిండర్‌ని పైన, మధ్యలో, కింద, మళ్ళీ అదే ఎత్తుల్లో అడ్డంగా, నిలువుగా కొలిచి బ్లాకు మీదే సుద్దముక్కతో రాసుకుంటూ పోయారు. బోరు గుండ్రంగా అరగదు. పైన, టాప్ రింగ్ ఆగి వెనక్కి తిరిగేచోట ఎక్కువ అరుగుతుంది. అక్కడ పిస్టన్ ఒక్క క్షణం ఆగుతుంది కాబట్టి రింగు కింద ఆయిల్ పొర నిలవదు, పైగా మంట పీడనం రింగు వెనక చేరి దాన్ని గోడకేసి నొక్కేది కూడా అక్కడే. కిందికి పోయేకొద్దీ అరుగుదల తగ్గి అడుగున దాదాపు కొత్త బోరులాగే ఉంటుంది. అడ్డంగా చూసినా సమానం కాదు, మంట పిస్టన్‌ని కిందికి తోసేటప్పుడు దాన్ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పిస్టన్ ఒక పక్క గోడకి ఆనుకుని దిగుతుంది, ఆ పక్కే ఎక్కువ పోతుంది. అందుకే ఒక్కచోట కొలిచి సైజు చెప్పేవాణ్ణి నమ్మకూడదని మేస్త్రి గారి మాట.

పిస్టన్ల నెత్తి మీద 020 అని కొట్టి ఉంది. అంటే నాన్న హయాంలో ఎప్పుడో ఒకసారి బోరింగ్ అయ్యి ఇరవై సైజు వేశారు. సైజులంటే అంగుళంలో వెయ్యో వంతుల లెక్క, షాపుల్లో థౌ అంటారు, స్టాండర్డ్ తర్వాత పది, ఇరవై, ముప్పై, నలభై. నలభై దాటితే ఇక బ్లాకుని ఇంకా పెద్దగా తొలిచి లైనరు అనే ఇనుప గొట్టం దిగ్గొట్టించుకోవాల్సిందే. మా మూడో సిలిండర్‌లో ఒక రింగు విరిగి ఉంది, పైభాగంలో అరుగుదల మొత్తం ఆరు థౌ.

ఇక్కడే అసలు తగువు. విడిభాగాల షాపులో నలభై సైజు పిస్టన్లు సిద్ధంగా ఉన్నాయి, ముప్పై లేవు. మా మెకానిక్ నలభై వేసేద్దాం అన్నాడు, షాపువాడూ అదే అన్నాడు, నేనూ సరే అనబోయాను. మేస్త్రి గారు వద్దన్నారు. ఆయన లెక్క ఇది. ఇరవై నుంచి ముప్పైకి వెళ్తే వ్యాసంలో పది థౌ పెరుగుతుంది, అంటే ఒక్కో పక్క ఐదే. అరిగిన ఆరులో పిస్టన్ ఆనే పక్క నాలుగు పోయింది, ఎదుటి పక్క రెండు. కాబట్టి అసలు సెంటర్ కదలకుండా కోస్తే ఎక్కువ అరిగిన పక్క కూడా ఒక థౌ మిగుల్తుంది, సరిపోతుంది. "ముప్పైకి వస్తుంది బాబూ. నలభైకి పోతే దీనికి ఇంకో బోరింగ్ లేకుండా చేసినట్టే. పిస్టన్లు తెప్పించుకో, ఆగుదాం" అన్నారు. ఆయనకి దీనివల్ల పైసా లాభం లేదు, ముప్పైకి కోసినా నలభైకి కోసినా కూలీ ఒకటే, పైగా మా బ్లాకు ఆయన షాపులో చోటు తింటూ కూర్చుంటుంది.

ముప్పై సైజు చివరికి కోల్‌కతా మల్లిక్ బజార్ నుంచి వచ్చింది. అంబాసిడర్ సామాన్ల కోసం ఇప్పటికీ అక్కడికే పోవాలి, ఫోన్లో మాట్లాడి ఫొటోలు పంపించుకుంటే పార్సిల్ వేస్తారు. ముప్పై సైజుతో మా ఇంజన్ 1520 సీసీ దాకా పెరిగింది, ఆర్‌సీలో మాత్రం 1489 అనే ఉంటుంది. ఈ ముప్పై సీసీతో నేనేదో రేసులు గెలుస్తానని కాదు, లెక్క వేసి చూసుకుంటే సరదాగా అనిపించింది, అంతే.

పిస్టన్లు చేతికి రాకుండా బోరింగ్ మొదలుపెట్టనని కూడా ముందే చెప్పారు. చాలా షాపుల్లో పుస్తకంలో ముప్పై సైజుకి ఎంతుందో చూసి ఆ అంకెకి కోసేస్తారు. ఈయన నాలుగు పిస్టన్లనీ స్కర్టు (రింగుల కింది భాగం) దగ్గర మైక్రోమీటర్‌తో కొలిచారు, నాలుగూ ఒకటి కావు, ఒకదానికీ ఇంకోదానికీ అర థౌ తేడా ఉంది. ఏ సిలిండర్‌ని దాని పిస్టన్‌కి తగ్గట్టే కోసి, పిస్టన్ నెత్తి మీద ఆ సిలిండర్ నంబరు వేశారు. పెద్ద పిస్టన్‌ని చిన్న బోరులో పెడితే వేడెక్కాక పట్టేస్తుంది, చిన్నదాన్ని పెద్ద బోరులో పెడితే పొద్దున్నే టకటకమని కొట్టుకుంటుంది. పిస్టన్ అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము, ఒకే వేడికి అల్యూమినియం దాదాపు రెట్టింపు పెరుగుతుంది. మధ్యలో వదిలే సందు దానికోసమే.

కొలిచే పద్ధతి కూడా చెప్పాలి. పిస్టన్లు తెచ్చిన రోజు మధ్యాహ్నం కొలవలేదు. ఆటో డిక్కీలో ఎండన పడి వచ్చాయి అవి. బ్లాకు పక్కనే పెట్టించి, మర్నాడు పొద్దున రెండూ ఒకే చల్లదనంలో ఉన్నప్పుడు కొలిచారు. ఇంటికొచ్చి లెక్క కట్టి చూశాను, 73 మిల్లీమీటర్ల అల్యూమినియం పది డిగ్రీలు వేడెక్కితే పదిహేను మైక్రాన్లు పెరుగుతుంది, అంటే అర థౌ పైనే. ఏ అర థౌ కోసం ఆయన ఒక్కో సిలిండర్‌ని విడిగా కోస్తున్నారో, అది విజయవాడ ఎండే తినేస్తుంది. ఆయన ఈ లెక్కలేమీ వెయ్యలేదు, "వేడి సామాను అబద్ధం చెప్తుంది" అన్నారంతే.

బోరింగ్ బారు బ్లాకు నెత్తి మీద కూర్చుంటుంది కాబట్టి ముందు ఆ ముఖాన్ని రాయితో రుద్ది మిట్టపల్లాలు చూశారు. సెంటర్ పట్టింది పైన కాదు, అడుగున, అరగనిచోట. పైన పట్టుకుంటే టూలు అరిగిన పక్కకి జరిగిపోతుంది, నాలుగు సిలిండర్లు నాలుగు దిక్కులకీ పోతాయి, క్రాంకుతో లైను తప్పుతుంది. ఇరవై ఎనిమిది దగ్గర బోరింగ్ ఆపి, మిగిలిన రెండు థౌ హోనింగ్‌కి, అంటే రాళ్ళతో సన్నగా రుద్దడానికి, వదిలారు. మూడో సిలిండర్‌లో నోటి దగ్గర ఒకచోట టూలు తగల్లేదు, వేలెడంత మేర పాత నలుపు అలాగే మిగిలింది. నా గుండె ఆగినంత పనైంది. మేస్త్రి గారు లైటు పెట్టి చూసి "నేను చెప్పిన నాలుగు థౌ ఇదే, హోనింగ్‌లో పోతుంది" అన్నారు. పోయింది కూడా.

హోనింగ్ రాళ్ళు తిరుగుతూ పైకీ కిందికీ ఆడుతుంటే గోడ మీద అడ్డంగా, ఐమూలగా గీతలు పడతాయి. అద్దంలా నున్నగా ఉంటే మంచిది కదా అని అడిగాను. "రోలు నున్నబడితే మీ అమ్మమ్మ ఏం చేసేది, గాట్లు కొట్టించేది కాదా" అన్నారు. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది, కొత్త రింగు వాటి అంచుల మీద ఒరుసుకుంటూ గోడకి తగ్గట్టు కుదురుకుంటుంది. గోడ నున్నగా ఉంటే రింగు ఎప్పటికీ కుదురుకోదు, కొత్త ఇంజనే ఆయిల్ తాగుతుంది.

తర్వాత బ్లాకు ఇవ్వనన్నారు. కూలీ కోసం కాదు, కడగలేదని. మేము డీజిల్‌తో కడిగి తీసుకెళ్తాం అంటే ససేమిరా అన్నారు. హోనింగ్ రాళ్ళ పొడి ఆ గీతల్లో ఇరుక్కుని ఉంటుంది, డీజిల్, కిరసనాయిలు దాన్ని ఇంకా లోపలికి తోస్తాయి తప్ప బయటికి తేవు, వేణ్ణీళ్ళూ సబ్బుపొడీ గట్టి బ్రష్షూ కావాలి. షాపు వెనక నన్నే కూర్చోబెట్టి తోమించారు. తెల్లగుడ్డకి ఆయిల్ తడిపి బోరులో తుడిస్తే బూడిదరంగు రాకూడదు, వచ్చినంతసేపూ తోముతూనే ఉండాలి. రాకుండా అయ్యాక వెంటనే ఆయిల్ పూసేశారు, లేకపోతే కళ్ళముందే తుప్పు పట్టేస్తుంది. నాకు తెలిసి ఇంజన్ కట్టించుకున్న చాలామంది ఈ ఒక్క పని వదిలేస్తారు, ఆ రాతిపొడి కొత్త రింగుల్ని, బేరింగుల్ని నమిలేస్తుంది, తిట్లు మాత్రం పిస్టన్ కంపెనీ తింటుంది.

క్రాంకు దగ్గరికొస్తే, ముందు పగుళ్ళు చూశారు. తాడుతో వేలాడదీసి చెక్క సుత్తితో తడితే ఖంగుమని మోగాలి, బొద్దుగా పలికితే అనుమానం. అది చాలక కిరసనాయిల్లో ముంచి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి అద్ది మళ్ళీ తట్టారు. పగులుంటే అందులో దాక్కున్న కిరసనాయిలు బయటికొచ్చి సుద్ద మీద గీత గీస్తుంది. ఇప్పుడు దీనికి స్ప్రేలు, అయస్కాంతం పరీక్షలు ఉన్నాయి, ఆయనకీ తెలుసు, అంబాసిడర్ క్రాంకుకి ఇది చాలన్నారు. ఈ ఇంజన్ క్రాంకుని పట్టుకునేది మూడే మెయిన్ బేరింగులు, ఇప్పటి నాలుగు సిలిండర్ల ఇంజన్లలో మామూలుగా ఐదుంటాయి. పట్టు తక్కువ కాబట్టి స్పీడు మీద వంపు తిరుగుతుంది, పగుళ్ళు చూడాల్సింది అందుకే.

మెయిన్ జర్నళ్ళు, అంటే క్రాంకు బేరింగుల్లో తిరిగే గుండ్రటి మెడలు, అర థౌ లోపే అరిగాయి. వాటిని గ్రైండ్ చెయ్యనన్నారు, పాలిష్ మాత్రం. కనెక్టింగ్ రాడ్డు జర్నళ్ళలో ఒకదాని గుండ్రం రెండు థౌ మేర పోయి కోడిగుడ్డయింది కాబట్టి నాలుగూ పది థౌ తక్కువ సైజుకి తీశారు. ఆ చివర్న జర్నల్ పక్కగోడని కలిసే మూల దగ్గర చెయ్యి నెమ్మదించింది. అక్కడ గుండ్రం వంపు ఉండాలి, గ్రైండింగ్ రాయి మూల అరిగిపోయి పదునుగా కోస్తే ఎప్పుడో ఒకరోజు క్రాంకు సరిగ్గా అక్కడే విరుగుతుంది. ఒక్కో జర్నల్‌కీ రాయిని మళ్ళీ మళ్ళీ సరిచేసుకున్నారు. తర్వాత ఆయిల్ కన్నాల అంచులు మొద్దుచేసి, లోపలి దారులన్నీ సన్న బ్రష్షుతో, గాలితో ఊదించారు. అందులోంచి వచ్చిన నల్లటి జిగురు చూస్తే ఈ బేరింగులు ఇన్నాళ్ళు ఎలా బతికాయా అనిపించింది.

మా మెకానిక్ ఇక్కడ ఒక పాత చిట్కా చెప్పాడు. మెయిన్ బేరింగులు కొత్తవెందుకు, వాటిని పట్టి ఉంచే క్యాపుల్ని అడుగున కాస్త ఆకురాయి పెడితే పాతవే టైటవుతాయని. మేస్త్రి గారు ఇంతసేపూ మెత్తగా మాట్లాడిన మనిషి, అప్పుడు మాత్రం గొంతు పెంచారు. క్యాపు రాకితే కన్నం గుండ్రంగా ఉండదు, పైనా కిందా బిగుతు, పక్కల్లో వదులు, ఆ తర్వాత కొత్త బేరింగులు వేసినా కూర్చోవు, బ్లాకుని లైన్ బోరింగ్ చెయ్యాలి, అంటే బేరింగ్ కన్నాలన్నీ ఒకే వరసలో మళ్ళీ కొయ్యాలి. "రాకినవాడు ఉండడు, తర్వాత నా దగ్గరికొచ్చేవాడు ఏడుస్తాడు" అన్నారు. మెకానిక్ నవ్వేసి కొత్త బేరింగులు రాశాడు చీటీ మీద.

హెడ్డు పోత ఇనుముది, బరువు ఇద్దరు మోయాలి. దీనికి పాత రోజుల్లో వాల్వు సీట్లు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచులు) విడిగా పెట్టలేదు, హెడ్డు ఇనుములోనే కోశారు. పెట్రోల్లో సీసం ఉన్నన్నాళ్ళూ అది బానే నడిచింది, ఆ సీసం వాల్వుకీ సీటుకీ మధ్య పొరలా ఉండి కాపాడేది. దేశమంతా సీసం లేని పెట్రోల్ 2000 ఫిబ్రవరి 1 నుంచి వచ్చింది, సీసం పిల్లల మెదళ్ళకి చేసే హాని చూస్తే అది పోవడమే మంచిది, కానీ ఆ రోజు నుంచి ఇలాంటి ఇంజన్ల ఎగ్జాస్ట్ వాల్వులు సీట్లలోకి దిగబడటం మొదలైంది. దిగబడేకొద్దీ వాల్వు దగ్గర వదిలే ట్యాపెట్ గ్యాపు తగ్గిపోతుంది, చివరికి వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. మా హెడ్డులో ఎగ్జాస్ట్ సీట్లు నాలుగూ దిగాయి. ఎనిమిదింటికీ గట్టి సీట్లు వేసెయ్యండి అన్నాను. ఎగ్జాస్ట్ నాలుగే వేస్తానన్నారు. ఇన్‌లెట్ వాల్వు మీదుగా పోయేది చల్లటి పెట్రోల్ గాలి, దానికంత వేడి లేదు, సీట్లు బాగున్నాయి, అనవసరంగా కోస్తే కింద నీళ్ళ జాకెట్ ఉంది, కట్టర్ కాస్త ఎక్కువ లోతుకి పోయినా హెడ్డు తుక్కే.

ఫేసింగ్‌లో కూడా అదే వరస. పట్టీ ఆనించి ఫీలర్ గేజి (సందు కొలిచే రేకు) పెడితే మధ్యలో నాలుగు థౌ రేకు దూరింది. ముఖం అంతా సమానంగా మెరిసేదాకా తీసి ఆపేశారు. ఇంకో ఇరవై థౌ లేపితే కంప్రెషన్ పెరిగి పికప్ వస్తుంది కదా అని ఈసారి అడిగింది మెకానిక్ కాదు, పక్కన టీ తాగుతున్న లారీ ఆయన. "తీసింది మళ్ళీ పెట్టలేం" అన్నారు మేస్త్రి గారు. చివర్లో హెడ్డు తిరగేసి, ప్లగ్గులు బిగించి, వాల్వులుండే గుంటల్లో కిరసనాయిలు పోసి వదిలేశారు. పోర్టుల్లో తడి కనపడకపోతే వాల్వులు కూర్చున్నట్టు. ఒకటి కొంచెం తడిసింది, ఇంకోసారి పేస్టు పెట్టి రుద్దారు.

వెనక ఆయిల్ లీకు సంగతి కూడా అడిగాను, ఎందుకంటే అంబాసిడర్ ఆగినచోట నేల మీద చుక్కలుండటం అందరికీ తెలిసిందే. ఈ ఇంజన్‌లో క్రాంకు వెనక చివర ఆయిల్ సీలు లేదు. క్రాంకు మీద ఎదురు మరలా గాడి కోసి ఉంటుంది, తిరుగుతున్నప్పుడు ఆ గాడి ఆయిల్‌ని లోపలికి తోస్తుంది, ఆగాక తోసేది ఏదీ లేదు కాబట్టి ఒకటో రెండో చుక్కలు కారతాయి. దానికి సిలికాన్ పూసి ఆపిస్తామనేవాళ్ళు ఉన్నారు. మేస్త్రి గారు అదీ వద్దన్నారు, ఆ ముద్ద ఊడి పంపు జాలీకి అడ్డం పడితే చుక్క మిగులుతుంది, ఇంజన్ పోతుంది. ఆగినప్పుడు ఇంజన్ కింద అట్టముక్క వేసుకోమన్నారు.

బిగించడం గురించి ఎక్కువ రాయను, కొలతలు సరిగ్గా ఉంటే బిగింపు సాఫీగానే పోతుంది. మెయిన్ బోల్టులు 70 అడుగు-పౌండ్లు, కనెక్టింగ్ రాడ్డువి 35, బిగుతు కొలిచే టార్క్ రెంచితోనే. ఒక్కో క్యాపు బిగించిన ప్రతిసారీ క్రాంకుని చేత్తో తిప్పి చూశాం. స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసేసి సెల్ఫ్ కొట్టి, ఆయిల్ ప్రెషర్ వచ్చాకే ప్లగ్గులు పెట్టాం. స్టార్ట్ అయ్యాక ఐడిలింగ్‌లో వదలకుండా ఇరవై నిమిషాలు పదిహేను వందల ఆర్‌పీఎం పైనే ఉంచాం. వాల్వుల్ని ఆడించే క్యామ్ మీద ట్యాపెట్ల ముఖాలకి ఆయిల్ చేరేది క్రాంకు చిమ్మితేనే, నెమ్మదిగా తిరిగితే అంత చిమ్మదు, కొత్త ట్యాపెట్లు ఆ కాసేపట్లోనే పాడైపోతాయి. చల్లారాక హెడ్ నట్లు, ట్యాపెట్లు మళ్ళీ చూశాం.

ఖర్చు మొత్తం కలిపితే బండి అమ్మితే వచ్చేదానికంటే ఎక్కువే అయింది, అందులో మేస్త్రి గారి కూలీ చిన్న భాగం, సామాన్లే మింగేశాయి. ఆయన వద్దన్న మెయిన్ గ్రైండింగూ, ఇన్‌లెట్ సీట్లూ చేయించి ఉంటే ఇంకా పెరిగేది. ఇప్పుడు దాదాపు వెయ్యి కిలోమీటర్లు తిరిగింది. మొదటి ఆయిల్ ఐదొందలకే మార్చేశాను, డిప్ స్టిక్ మీద మట్టం ఆ తర్వాత కదల్లేదు, పొగ లేదు, మూడో సిలిండర్ కంప్రెషన్ మిగతావాటితో సమానంగా ఉంది. కింద అట్టముక్క మీద చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్‌కి పాత రబ్బరు పైపులు మెత్తబడతాయని కార్బురేటర్ దాకా పైపులన్నీ మార్చాను. ఇక మిగిలింది గేరు బాక్సు, రెండో గేరు జారిపోతోంది. అది కూడా చూడండి అని మేస్త్రి గారికి ఫోన్ చేస్తే గేరు బాక్సులు తాను ముట్టనన్నారు, వెనక వీధిలో ఎవరినో చూసుకోమన్నారు.